సమ్మతమన్న చెయ్యి

పెదనాన్న మా ఊరి మునిసిపల్ కౌన్సిల్‌లో మెంబరు. ఏ తీర్మానం చదివినా అందరికంటే ముందు చెయ్యెత్తి "సెటుజు" అనేవారు, ఇక్కడి మలయ్ భాషలో సమ్మతమని. మురుగుకాలవలైనా వీధికుక్కలైనా అంతే. ఎవరైనా కాదంటే మీటింగు సాగి టీ చల్లారిపోతుందని ఆయన వాదన.

ఒకరోజు కౌన్సిల్ స్వలింగ వివాహాలను ఖండించింది. చట్టం ఎప్పుడో వద్దంది, మా ఊళ్లో ఎవరూ అడగనూ లేదు. కాలవల సంగతి మాత్రం వాయిదా పడింది. పెదనాన్న చెయ్యి ఎప్పట్లాగే ముందు లేచింది. పేపర్లో ఫోటో వచ్చింది.

ఆయన ఒక్కగానొక్క కూతురు, మా అక్క, జార్జ్ టౌన్‌లో ఒక తమిళమ్మాయితో కాపురముంటోంది. ఇంట్లో అందరికీ తెలుసు. పైకి మాత్రం "ఫ్రెండ్" అనేవాళ్ళం. ఆ సాయంత్రం అక్క ఫోను చేసింది.

"ఏటి నానా, మా ఇంటికొచ్చి దాని సేతి కూర తిన్నావు కదా. ఆ సెయ్యేనా ఎత్తినావు?"

"అందరూ ఎత్తినారమ్మా. నానూ ఎత్తినాను లా," అన్నారు, మలయ్ పద్ధతిలో మాట చివర "లా" తగిలించి.

"అయితే మేం ఇంక రాం."

అక్క అన్నంత పనీ చేసింది. ఆయన పోయేదాకా రాలేదు. షుగర్ మాత్రలు వేసుకున్నారా అని ప్రతి ఆదివారం ఫోను చేసింది ఆ తమిళమ్మాయే. ఆ ఫోను వస్తే పెదనాన్న కుర్చీలోంచి లేచి, నిలబడి మాట్లాడేవారు.