వదిన చెప్పిన డెబ్భై ఏడు రోజులు

మా ఆయన ముప్ఫై నాలుగేళ్ళు ఒక దినపత్రికలో పనిచేశారు. అనగానే పెద్దగా ఊహించేసుకోకండి. నాలుగో పేజీ అడుగున, వాతావరణం పక్కన, అగ్గిపెట్టె అంత చోటులో ‘చరిత్రలో ఈ రోజు’ అని వచ్చేది కదా, అది రాసింది ఆయనే. మిగిలిన టైములో ఇతరులు రాసిన వాటిలో తప్పులు వెతికేవారు. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చింది. నేను పాలవాడి లెక్క రాసినా దిద్దేవారు.

ఇంట్లో ఉన్న ఒక్క బీరువా ఆయనదే. అందులో మూడువందల అరవై ఆరు కవర్లు, రోజుకొకటి. నా బట్టలు ట్రంకు పెట్టెలో, ఆయన యుద్ధాలు బీరువాలో. మా పెళ్ళి జరిగింది నవంబరు తొమ్మిదిన. సరిగ్గా ఏడాదికి, మా మొదటి పెళ్ళిరోజున, బెర్లిన్ గోడ కూలింది. ఆ రాత్రి ఆయన ఆఫీసులోనే ఉండిపోయారు. ఇప్పటికీ ఆ తారీకు వస్తే గోడ గుర్తొస్తుంది, పెళ్ళాం గుర్తురాదు. అడిగితే, “పెళ్ళికి రెండో ఆధారం దొరకలేదోయ్” అంటారు. నవ్వాలో మొట్టాలో తెలియదు.

రెండో ఆధారం అంటే ఆయన పద్ధతి. ఏ సంగతైనా రెండు చోట్ల ఒకేలా ఉంటేనే రాస్తారు. ఇంకో పద్ధతి కూడా ఉంది, అదే మా కొంప ముంచింది. ఏ పుస్తకంలోనైనా ఒక్క తేదీ తప్పు దొరికిందా, ఆ పుస్తకాన్ని ఇక ముట్టుకోరు. ఒకసారి ఆరు సంపుటాల చరిత్రని పాత పేపర్లవాడికి వేసేశారు. ఎక్కడో ఒక సంధి ఒక రోజు ముందు జరిగినట్టు రాశారట.

“ఒక్కరోజే కదండీ!” అన్నాను.

“ఇది దొరికింది. దొరకనివి ఎన్నున్నాయో ఎవడికి తెలుసు?” అన్నారు.

రిటైరయ్యాక పేపర్లో ఆయన శీర్షిక వచ్చే చోట పత్రికవాళ్ళు తలనొప్పి మాత్రల ప్రకటన వేశారు. మర్నాటి నుంచి రోజూ పొద్దున కాఫీతో పాటు నాకు వినిపించడం మొదలుపెట్టారు. నేను ఊ కొట్టేదాన్ని. ఎవరో ఒకరు ఊ కొట్టకపోతే ఆ మనిషి ఏమైపోయేవారో.

పోయిన ఏడు జూన్‌లో మా వదిన బాత్రూములో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. వదిన అంటే ఆయన అక్క. పెళ్ళి చేసుకోలేదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఒకప్పుడు ఊళ్ళో ఎవరి నంబరైనా డైరెక్టరీ చూడకుండా చెప్పేది. డెబ్భై దాటినా ఆ జ్ఞాపకం చెక్కుచెదరలేదు. మాకు రెండు వీధుల అవతల ఒక్కతే ఉండేది. ఆపరేషను కుదరదని డాక్టరు చెప్పేశాడు. మేమే తీసుకొచ్చి ముందు గదిలో మంచం వేశాం.

ఈయనకి కొత్త శ్రోత దొరికింది. జూన్ పద్దెనిమిదిన కుర్చీ లాక్కుని కూర్చుని, “ఇవాళ వాటర్లూ యుద్ధం జరిగింది అక్కా” అని మొదలెట్టారు.

“ఎవడో ఎక్కడో ఓడిపోతే నాకేంట్రా?” అంది వదిన. “మనింట్లో ఇవాళ ఏం జరిగిందో చెప్పు.”

ఈయన చేతిలో కవరు తిరగేసి చూశారు.

“తెలీదు కదూ? ఇవాళే నాన్న సైకిలు కొన్నాడు. సాయంత్రం వీధి చివర పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. అమ్మ రెణ్ణెల్లు అన్నం కలిపి పెట్టింది. నువ్వప్పుడు పుట్టలేదులే.”

ఆయన గబగబా చీటీ రాసి, తేదీ వేసి, కవరులో పెట్టారు. అలా రోజుకొకటి. అమ్మ చెవి దుద్దు పోగొట్టుకున్న రోజు, వదిన మొదటిసారి హెడ్‌సెట్ పెట్టుకున్న రోజు, ఈయన బడి ఎగ్గొట్టి నీళ్ళ డ్రమ్ములో దాక్కున్న రోజు. రేపటిది ఇవాళే చెప్పమంటే వదిన చెప్పేది కాదు. “ఆ రోజు రానీ. రేపటి దాకా ఉండడానికి నాకూ ఒక పని ఉండాలిగా” అనేది. వాళ్ళ అమ్మానాన్నా పోయి చాలా ఏళ్ళయింది. ఆ ఇంటి సంగతులు తెలిసిన మనిషి ఇక వదినే. ఎందరో రాజుల పుట్టినరోజులు కంఠతా పట్టిన మనిషి తన ఇంటి గురించి అరవై మూడేళ్ళకి అక్షరాభ్యాసం చేశారు.

కానీ ఆయన కాచుకుని ఉన్నది ఒకే ఒక తేదీ కోసం. అది నాకు తెలుసు.

వాళ్ళకి చిట్టి అని ఒక చెల్లెలుండేది. మూడేళ్ళది. మనిషి చంద్రుడి మీద కాలు పెట్టిన రోజు, జూలై ఇరవై ఒకటిన, పొద్దున్నే అందరూ మేడ మీదివాళ్ళ రేడియో దగ్గరికి పరుగెత్తారు. చిట్టిని చూడమని అమ్మ వదినకి చెప్పింది. వదిన తమ్ముడికి చెప్పి పైకెక్కింది. ఏడేళ్ళ తమ్ముడు మెట్ల మధ్యలో నిలబడి రేడియోకి చెవి ఒగ్గాడు. వెనక చిట్టి ఎక్కుతూ ఉందని చూడలేదు. ఆ పిల్ల వెనక్కి పడింది. ఆ మధ్యాహ్నమే ఈయన్ని మేనమామ ఇంటికి పంపేశారు. అక్కడ ఎన్నాళ్ళున్నారో ఆయనకి గుర్తులేదు. తిరిగొచ్చేసరికి ఇంట్లో చిట్టి లేదు. జ్వరమొచ్చి పోయిందని ఎవరో అన్నారు. ఇంకెవరూ ఏమీ అనలేదు. ఈయనా అడగలేదు.

పడ్డ రోజు తెలుసు. పోయిన రోజు తెలియదు. మధ్యలో రెండు నెలలుంటే జ్వరమే, రెండు రోజులుంటే ఆయనే. ఇది నాకు పెళ్ళైన ఆరేళ్ళకి చెప్పారు. ఏ ఇంట్లోనైనా సరే, మెట్ల మీద రెయిలింగు పట్టుకుని వెనక్కి చూసుకుంటూ నడుస్తారెందుకో అప్పుడు అర్థమైంది.

జూలై మొదట్లో ఒక మధ్యాహ్నం, ఆయన పడుకున్నప్పుడు, వదిన తల దువ్వుతూ నేనే అడిగాను.

“మూడు రోజులే బతికింది అమ్మాయ్” అంది వదిన. “ఇరవై నాలుగో తారీకు పొద్దున పోయింది. జ్వరం లేదు గిరం లేదు, తలకి తగిలిన దెబ్బే. వాడి ముందు ఎవరూ నోరెత్తొద్దన్నాడు నాన్న. అదే అలవాటైపోయింది.”

“ఆ రోజొస్తే ఏం చెప్తారు వదినా?”

“ఉన్నదే చెప్తాను. దానికోసమే కదా వాడు కుర్చీ వేసుక్కూర్చునేది.”

“వద్దు వదినా. మీకు దణ్ణం పెడతాను. ఈ వయసులో ఆయన తట్టుకోలేరు. ఆ ఒక్కరోజూ ఇంకేదైనా చెప్పండి.”

వదిన నా చేతిలోంచి దువ్వెన తీసేసుకుంది. “నేను చేసిన ఉద్యోగంలో అబద్ధం కుదరదే. తప్పు నంబరు కలిపితే ఎక్కడో ఒకచోట మోగుతుంది.”

నేను వినలేదు. పట్టిన పట్టు విడవలేదు. రోజూ తల దువ్వినప్పుడల్లా బతిమాలాను.

ఇరవై ఒకటిన వదిన రేడియో సంగతీ, మెట్ల సంగతీ దాచకుండా చెప్పింది. “చూడాల్సింది నేనురా. నీ మీద పెట్టి పోయాను. తప్పు నాది” అంది. ఈయన తల వంచుకుని రాసుకున్నారు. ఇరవై రెండు, ఇరవై మూడు గడిచాయి. రెండ్రోజులూ ఆయన సరిగా తినలేదు. ఇరవై నాలుగున నేను తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డాను. ఊడ్చింది మాత్రం లేదు.

వదిన తమ్ముడి వైపు చూడలేదు. నా వైపు చూస్తూ చెప్పింది. “ఇవాళ అమ్మ మా ఇద్దరికీ గోళ్ళు తీసింది. నువ్వు మామయ్య ఇంట్లో ఉన్నావు. చిట్టి వేళ్ళు ముడుచుకుని ఇవ్వనంటే ఇవ్వనని ఒకటే గోల. తలకి కట్టుతోనే ఇల్లంతా పరుగెత్తింది.”

ఆయన రాస్తూ రాస్తూ ఆగిపోయారు. “పరుగెత్తిందా అక్కా?”

“పరుగెత్తిందిరా.”

లేచి వెళ్ళి మొహం కడుక్కొచ్చి, ఇంకో కాఫీ అడిగారు. రెండో కాఫీ అడగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత రోజు గడిచేకొద్దీ మనిషి తేలికపడ్డారు. ఆగస్టు సగానికి మెట్లు ఈల వేసుకుంటూ దిగడం మొదలుపెట్టారు. నా నోట్లో నువ్వుగింజ నానదని ఎప్పుడూ వెక్కిరించేవారు. ఈ ఒక్కటీ నానిందని లోపల్లోపల పొంగిపోయాను. మంచిపని చేశాననే అనుకున్నాను. వదిన మాత్రం నాతో మాటలు తగ్గించింది. తల దువ్వడానికి కూర్చుంటే కళ్ళు మూసుకునేది.

సెప్టెంబరు రెండున వాళ్ళ నాన్న రిటైరై ఇంటికొచ్చి రోజంతా బూట్లు విప్పకుండా కూర్చున్న సంగతి చెప్పింది. అది డెబ్భై ఏడో చీటీ. మూడో తారీకు నుంచి నెమ్ము చేసి మాట పడిపోయింది. ఐదున పోయింది. చిట్టి పోయిన తేదీ చెప్పనే లేదు.

నెల తర్వాత వదిన మరణ ధ్రువపత్రం కోసం పురపాలక ఆఫీసుకి వెళ్ళాం. కిటికీలో ఉన్న గుమాస్తా ఆయన పేరు చదివి లేచి నిలబడ్డాడు. “చరిత్రలో ఈ రోజు సార్ మీరేనా! మా నాన్న కత్తిరించి పుస్తకంలో అంటించుకునేవారండీ.” కుర్చీ వేశాడు, టీ తెప్పించాడు. ఈయనకి ప్రాణం లేచొచ్చింది. “ఒక చిన్న సాయం. అరవై తొమ్మిది రిజిస్టరు ఉంటుందా?” అన్నారు.

“ఎందుకండీ ఇప్పుడు? పదండి, ఎండెక్కుతోంది” అన్నాను.

“ఉండవోయ్. అక్క చెప్పకుండానే పోయింది. ఇన్నాళ్ళూ చూడటానికి భయపడ్డాను. ఇప్పుడు భయమేముంది?”

ఆ ధైర్యం ఇచ్చింది నేనే. నా అబద్ధం లేకపోతే ఆయన జన్మలో ఆ రిజిస్టరు అడిగేవారు కాదు.

“ఆగస్టు నుంచి చూడండి” అన్నారు. గుమాస్తా ఆగస్టు చూశాడు, సెప్టెంబరు చూశాడు, డిసెంబరు దాకా వేలు పెట్టి దిగాడు. లేదు. “జూలై కూడా చూద్దాం సార్” అని తనే వెనక్కి తిప్పాడు. నేను కిటికీ ఊచ పట్టుకున్నాను.

“ఇదిగో సార్. మూడేళ్ళు, ఆడపిల్ల. జూలై ఇరవై నాలుగు. తలకి దెబ్బ.”

ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివారు. మళ్ళీ చదివారు. గుమాస్తాకి థాంక్స్ చెప్పారు. ఇంటికొచ్చి బీరువా తీసి, జూలై ఇరవై నాలుగు కవరులోంచి వదిన చీటీ తీసి బల్ల మీద పెట్టారు.

“నీకు తెలుసా?”

తేలు కుట్టిన దొంగలా ఎంతసేపుంటాను? అంతా చెప్పాను. వదిన వద్దందనీ, నేనే పట్టుబట్టాననీ, ఏడుస్తూ చెప్పాను. “గోళ్ళ సంగతి నిజమేనని వదినే అందండీ, తేదీ, తలకి కట్టూ మాత్రం కాదు. ఆ ఒక్కటే అబద్ధం. మిగతా డెబ్భై ఆరూ ఉన్నవున్నట్టే.”

“అది చెప్పాల్సింది అక్క” అన్నారు. కోపం లేదు. కోప్పడితే బాగుండేది. “ఒకటి దొరికింది. దొరకనివి ఎన్నున్నాయో నేనెవర్ని అడగను?”

ఆ సాయంత్రమంతా కవర్లు ఒక్కొక్కటే తెరిచి వదిన చీటీలన్నీ బయటికి తీశారు. దారంతో కట్టి నా చేతిలో పెట్టారు. “పారెయ్యలేను. ఉంచుకోలేను. నువ్వే దాచు.” ముప్ఫై ఏడేళ్ళ కాపురంలో ఆయన ఏడవగా చూడటం అదే మొదటిసారి. చిట్టి కోసమో, అక్క కోసమో, చీటీల కోసమో నేను అడగలేదు. నాకు అడిగే మొహం లేదు.

నా ట్రంకు పెట్టెలో ఉన్నాయవి. అప్పుడప్పుడు తీసి చదువుకుంటాను. నేను ప్రతి మాటా నమ్ముతాను. నేను నమ్మితే ఏం లాభం? నేను ఆ ఇంట్లో పుట్టినదాన్ని కాదు.

ఆ మర్నాడు ఆయన కొత్తగా ఒక చీటీ రాశారు. తేదీ, రిజిస్టరు పేజీ నంబరు వేసి, కలం ఆపి నన్ను పిలిచారు.

“అక్క నీతో అన్నది ఇరవై నాలుగేనా?”

“ఇరవై నాలుగేనండీ.”

“అయితే రెండు చోట్లా సరిపోయింది” అని, చీటీ మడిచి కవరులో పెట్టారు.

సైకిలు పోయింది, దుద్దు పోయింది, నీళ్ళ డ్రమ్ము పోయింది. ఆ బీరువాలో మా ఇంటిదంటూ ఇప్పుడు ఉన్నది ఆ ఒక్క రోజే.