కీత్ అంకుల్ కాలికి చింతపండు పట్టు

పులిహోర కోసం చింతపండు గుజ్జు పసుపుతో కలిసి పొయ్యి మీద కుతకుతలాడుతుంటే ఇంట్లో అందరికీ ఆకలి వేస్తుంది. నాకు మాత్రం చిన్నప్పుడు మేమున్న గిరావీన్‌లో మా పాత ఇంటి వెనక వరండా, అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కాలు చాపుకుని కూర్చున్న కీత్ అంకుల్ గుర్తొచ్చి, పండగ పూటైనా సరే దిగులు పుడుతుంది.

అప్పట్లో మా వీధి నిండా, రెండువేల సంవత్సరంలో కంప్యూటర్లు ఆగిపోకుండా వాటిలో తారీకులు సరిచేయడానికి మన దేశం నుంచి వచ్చిన మనవాళ్లే. ఎండాకాలమంతా చెట్ల మీద సికాడా పురుగుల రొద, పక్కవాళ్లు పెరట్లో మాంసం కాల్చే బార్బీ పొగలో కలిసిపోయే మా ఇంటి ఇంగువ పోపు, రాలిన జాకరండా పూల మీద జారిపడుతూ మేం ఆడిన టెన్నిస్ బంతి క్రికెట్, ఇవే నా బాల్యం. తర్వాత రెండువేల సంవత్సరం వచ్చింది. ఏ కంప్యూటరూ ఆగలేదు. ఏమీ జరగకుండా చూడటమే నాన్న పని కాబట్టి, ఏమీ జరగలేదు కాబట్టి, నాన్నకు పని లేకుండా పోయింది. అయినా రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, షూ లేసులు బిగించి కట్టుకుని, ఫోన్ పక్కన కూర్చునేవాడు.

పక్కింట్లో ఒంటరిగా ఉండే కీత్ అంకుల్ ఇంగ్లండులో పేరున్న ఫుట్‌బాల్ ఆటగాడు. వింగర్. అంటే మైదానం అంచున గీత వెంబడే పరిగెత్తుకెళ్లి, మధ్యలో ఉన్నవాళ్లకు బంతి అందించేవాడన్నమాట. పరుగు ఈయనది, గోలు కొట్టిన పేరు ఇంకొకరిది. ఆయన కుర్రతనంలో వేలమంది వానలో తడుస్తూ ఆయన పేరు మీద పాటలు పాడేవారట. వయసు పెరిగేకొద్దీ ఇంకా చిన్న క్లబ్బులకు మారుతూ, చివరికి సముద్రాలు దాటి మా పేట క్లబ్బు దాకా వచ్చాడు. కంచె మీద మోచేతులు ఆనించి ఈ కథంతా చెబుతుంటే, ఇంగ్లీషు ముక్క రాని నానమ్మ కూడా ఊ కొట్టేది.

నానమ్మది చిత్తూరు వైపు పల్లె. బెణుకులకు ఆమె చేతివైద్యం పెట్టింది పేరు. ఆ చలికాలం సాధన చేస్తుండగా కీత్ అంకుల్ చీలమండ మడతపడింది. చింతపండు, పసుపు, రాళ్లుప్పు ఉడికించి, గోరువెచ్చగా పట్టు వేసి, పాత నేతచీర చింపి కట్టు కట్టింది నానమ్మ.

"కట్టు ఇప్పేదాకా కాలు కింద పెట్టాకు నాయనా," అంది. నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన బుద్ధిమంతుడిలా తలూపాడు.

కానీ నానమ్మ పెట్టిన గడువు తీరకముందే, శనివారం పొద్దున, కుంటుకుంటూ వచ్చాడు. ఆ రోజు ఆడితేనే మరో ఏడాదికి క్లబ్బు ఉంచుకుంటుంది, లేకపోతే తిరిగి ఇంగ్లండుకే. నొప్పి లేదు, కట్టు విప్పమని బతిమాలాడు. గడువుకు ముందు కట్టు విప్పడమంటే నానమ్మ దృష్టిలో మహాపాపం. ఊళ్లో కరణంగారు అడిగినా విప్పలేదట. ఆ రోజు మాత్రం ఆమె చూపు గదిలోకి, ఫోన్ పక్కన షూ వేసుకుని కూర్చున్న నాన్న మీదికి పోయింది.

"పన్లేకుంటే మొగోడు ఎట్లయిపోతాడో ఇంట్లో చూస్తానే ఉండాను గదా," అని ముడి విప్పేసింది.

మేమంతా ఆటకు వెళ్లాం. మంచు ఇంకా ఆరని గడ్డి మీద, గీత వెంబడి, ఆయన రెక్కలొచ్చినట్టే పరిగెత్తాడు. నానమ్మ శాలువా నోటికి అడ్డం పెట్టుకుని మురిసిపోయింది. సగం ఆట గడిచాక, ఎదుటి జట్టువాళ్లెవరూ తగలకుండానే, మా ముందే కూలబడ్డాడు. మడమ పైన నరం పుట్టుక్కున తెగిన చప్పుడు మాకు వినపడింది. మళ్లీ ఆయన ఆడలేదు.

ఇంగ్లండుకు వెళ్లిపోయే ముందు చంకకర్రల మీద వచ్చి, ఉతికి ఇస్త్రీ చేసిన ఆ చీరపేలికను నానమ్మ చేతిలో పెట్టి, థాంక్స్ అన్నాడు. తిట్టి ఉంటే ఆమెకు అంత బాధ ఉండేది కాదు. తర్వాత కొన్నాళ్లకు నాన్నకు పని దొరికింది, మేం ఇంకో ఊళ్లోని గంగాలిన్‌కు మారిపోయాం. నానమ్మ మాత్రం మళ్లీ ఎవరి కాలూ ముట్టుకోలేదు. నేను స్కూల్లో పడి వాచిన చెయ్యి చూపించినా, డాక్టరు దగ్గరికి పొమ్మని మొహం తిప్పుకుంది. పెద్దయ్యాక పట్టు వేసే విద్య నేర్పమంటే, "ఆ ఇద్దె నాతోనే పోనీలేమ్మా," అంది.

ఇప్పుడు ఆ ఇల్లు లేదు. ఆ జాగాలో అపార్ట్‌మెంట్లు లేచాయి. నానమ్మా లేదు. ఈ ఉగాదికి పులిహోర గుజ్జు ఉడుకుతుండగా, ఫుట్‌బాల్ ఆడొచ్చిన మా అమ్మాయి వాచిన చీలమండను కుర్చీ మీద పెట్టింది. నేను కొంచెం గుజ్జు చిన్న గిన్నెలోకి తీసి, ఉప్పుడబ్బా మూత తీసి, అలాగే నిలబడిపోయాను.

"ఇట్స్ ఫైన్ మమ్, జస్ట్ ఐస్," అంది మా అమ్మాయి.

ఉప్పు ఎంత వేయాలో, ఎంతసేపు ఉడికించాలో నాకు తెలియదు. గిన్నెలోది కూడా అన్నంలో కలిపేశాను.