ముల్లు నాలుగు దాటితేనే కారు

మా బావ తన పాత కారు ఇంజన్‌ను రెండోసారి విప్పి కట్టిన రోజు పొద్దున, భివండీ గైబీ నగర్‌లోని మా గల్లీలో రెండు ఏర్పాట్లు జరిగాయి. బావ కొబ్బరికాయ తెచ్చుకున్నాడు. అక్క భంగార్‌వాలాను పిలిపించింది. తుక్కు ఇనుము కొనే ఆ పెద్దమనిషి కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతూ కారును చూసిన చూపు ఉంది చూశారూ, పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ అంత శ్రద్ధగా చూసి ఉండరు. తలుపులు విడిగా, టైర్లు విడిగా కళ్లతోనే తూచేశాడు.

అక్క మాట ఒక్కటే. పోయినసారి ఇంజన్‌లో నూనె అందక బేరింగులు కరిగిపోయాయి. ఘాట్ రోడ్డు పోటీకి వెళ్లిన కారు తాడు కట్టించుకుని ఇంటికొచ్చింది. ఈసారీ అదే జరిగితే కారు తుక్కుకు పోతుంది, ఆ జాగాలోకి అక్క నూలు కండెలు చుట్టే మెషీన్ వస్తుంది. బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు? పానాలన్నీ అక్క తాళంలో ఉన్నాయి.

చూడ్డానికి ఆ కారు సబ్బుపెట్టెలా ఉంటుంది. లోపల మాత్రం పెద్ద పిస్టన్లు, పోటీ కార్లకు వేసే క్యామ్‌షాఫ్ట్. స్టార్ట్ చేస్తే అక్కడెక్కడో కనేరిలో గిన్నెలు అల్మారా దిగి నడుస్తాయి. ఆయిల్ పంపు పక్కన ఒక వాల్వు, దానికి బయట ఒక స్క్రూ. స్క్రూ బిగిస్తే ఆయిల్ ప్రెషర్ పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఇంజన్ వేడి మీద పరుగెడుతున్నప్పుడు మీటరు ముల్లు నాలుగు దాటి నిలవాలి. నిలవకపోతే భంగార్‌వాలా లేచి నిలబడతాడు.

అక్క డ్రైవర్ సీట్లో కూర్చుని ముల్లు చూడాలి. బావ బానెట్ కింద స్క్రూ తిప్పాలి. నేను సలహాలివ్వాలి. ఆ అర్హత నాకుంది. భివండీలో సాంచెలు, అంటే మరమగ్గాలు, బాగుచేసే జాబరుగా సగం జీవితం గడిపాను. నేను పక్కనుంచి నడిచి వెళితే చెడిపోయిన సాంచె సిగ్గుపడి తనంతట తనే నేస్తుంది.

అక్క తాళంచెవి తిప్పింది. గల్లీ మొత్తం ఒక జానెడు పక్కకు జరిగింది.

“ఏడు మీదికి పోయిందయ్యో!” అక్క అరిచింది.

“ఫిల్టర్ పేలుతది! వదులు చేస్తున్న!” బావ పానా అందుకున్నాడు.

“బావా, జర ఆగు. నూనె ఇంక సల్లగ, చిక్కగ ఉన్నది. గరం అయినంక చూద్దాం.”

“ఇది సాంచె కాదురా బామ్మర్దీ, కారు! ఫోన్ల ఎన్ని వీడియోలు చూసిన్నో నీకెర్కనా?”

“అక్కా, మీ ఆయనకు జర చెప్పు.”

“మీ లొల్లిలకు నన్ను గుంజకుండ్రి. నేను ముల్లు చూస్తున్న.”

బావ స్క్రూ వదిలాడు. ముల్లు దిగి నాలుగున్నర దగ్గర ఆగింది. కొబ్బరికాయ కొట్టేశాడు.

మా సాంచెల షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. మొదటి చాయ్ అయ్యేదాకా ఎవరూ పానా ముట్టకూడదు. చలికాలం పొద్దున సాంచె బిగుసుకుని ఉంటుంది, నూలు మోసుకెళ్లే నాడె అవతలి కొసకు చేరదు. కొత్త జాబరు ఆగలేక నాడెను తోసే దెబ్బ పెంచుతాడు. మధ్యాహ్నానికి సాంచె వేడెక్కుతుంది, నాడె ఎగిరి పక్క షెడ్డువాడి అన్నం గిన్నెలో దిగుతుంది. అక్కడ చలిలో పెంచి చెడగొడతారు. మా బావ చలిలో తగ్గించి చెడగొట్టాడు.

అందుకే ఇంజన్ ఆపకుండా నేను చాయ్ చెప్పాను. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి ఇంజన్ బాగా వేడెక్కింది. అక్క యాక్సిలరేటర్ తొక్కింది. ముల్లు రెండు దగ్గరే మొండికేసింది. ఇంకా తొక్కింది. కదల్లేదు. బావ నోరు తెరిచేలోపే అక్క ఇంజన్ ఆపేసింది.

“చప్పుడు మారింది. లోపల ఎండిపోయినట్టు మోగుతున్నది.”

భంగార్‌వాలా గ్లాసు కింద పెట్టి లేచాడు. “భాభీ, టెంపో మంగావూ?” కారు ఎత్తుకెళ్లడానికి బండి పిలిపించమంటావా అని.

“బైఠో! చాయ్ పీవో!” అని గద్దించి కూర్చోబెట్టింది అక్క. కారు పోకూడదని బావకంటే ఎక్కువ కోరుకున్నది ఎవరో నాకప్పుడే తెలిసింది.

“తమ్మీ, పానా నువ్వు పట్టు” అంది.

బావ కోట తాళాలు అప్పగించే రాజులా పానా ఇచ్చాడు. ఇంజన్ మీద అరచేయి పెట్టబోయాను, చెయ్యి నిలవలేదు. సరైన వేడి. అక్క మళ్లీ స్టార్ట్ చేసి, వేగం నిలబెట్టింది. నేను కొంచెం కొంచెంగా స్క్రూ బిగించాను.

“రెండున్నర… మూడు… ఆగు, ఆగకు, ఇంకొంచెం… నాలుగుంబావు!”

స్క్రూ కదలకుండా నట్టు బిగించేశాను. అక్క తొక్కి, వదిలి, మళ్లీ తొక్కింది. తొక్కినప్పుడల్లా ముల్లు నాలుగు దాటి నిలిచింది. మొత్తం మహారాష్ట్రలో ఆ నిమిషాన నాకంటే గొప్పవాడు ఉంటే చేయెత్తమనండి.

“తో మై ఖాలీ హాత్ జావూ క్యా?” భంగార్‌వాలా గొణిగాడు.

ఖాళీ చేతులతో ఎందుకు పంపుతుంది? పోయినసారి కరిగిన బేరింగులను బావ గుడ్డలో చుట్టి దాచుకున్నాడు. అక్క లోపలికెళ్లి ఆ మూట తెచ్చి అతని చేతిలో పెట్టింది. తిరిగొచ్చి మళ్లీ డ్రైవర్ సీట్లోనే కూర్చుంది.

“ధామన్కర్ నాకా దాకా పోయొస్త. రోడ్డు మీద ముల్లు ఎట్లుంటదో చూడాలె.”

“నడిపేది నేను గద!”

“నువ్వు పక్కన కూసొని మీటర్ చూడు.”

బావ బుద్ధిగా ఎక్కాడు. కారు గల్లీ మలుపు తిరిగింది. భంగార్‌వాలా మాత్రం వెళ్లలేదు. కారు ఖాళీ చేసిన నీడలోకి కుర్చీ జరుపుకుని ఇంకో చాయ్ చెప్పాడు. తిరిగి తాడుతో వస్తుందా, తనంతట తను వస్తుందా అని నన్నడిగాడు.

నేను గల్లీ మలుపు వైపు చెవి పెట్టాను. కాసేపటికి అతని గ్లాసులో చాయ్ దానంతటదే వణకడం మొదలుపెట్టింది.