నంబరు వేసిన నుయ్యి

కంచరపాలెంలో ఒక నూతిలోకి దింపిన నా టేపు ఫిషింగ్ హార్బరులో తేలిందని, దాని కొసన వంజరం చేప ఒకటి పళ్లు బిగించి వేలాడుతోందని, ఆ చేపని మా జీపు డ్రైవరు ఇంట్లో వండించుకుని తిన్నామని నేను చాలా పెళ్లిళ్లలో చెప్పాను. నమ్మినవాళ్లున్నారు. పులుసా, వేపుడా అని అడిగినవాళ్లూ ఉన్నారు. కథ అల్లకుండా నేను విస్తట్లోకి ఉప్పు కూడా అడగలేను.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం అల్లింది కాదు. దీన్ని ఏ పెళ్లిలోనూ చెప్పలేదు.

డెబ్భైల మధ్యలో నాకు భూగర్భజలాల సర్వేలో చిన్న ఉద్యోగం దొరికింది. విశాఖపట్నం చుట్టుపక్కల ఊళ్లలో కొన్ని నూతుల్ని ఎంచుకుని, నెలకోసారి వెళ్లి నీటిమట్టం కొలవాలి. ఇనుప టేపు చివర్న సుద్దముక్క రుద్ది నూతిలోకి దింపితే తడిసిన మేర సుద్ద రంగు మారుతుంది. గట్టు మీద గుర్తు దగ్గర టేపు ఎంత చూపిస్తోందో చూసి, అందులోంచి తడిసినంత తీసేస్తే నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తెలుస్తుంది. ఒక సీసాలో కాసిని నీళ్లు పట్టుకెళ్లి అందులో ఉప్పెంతో చూడాలి. సముద్రం పక్క ఊళ్లు కాబట్టి మా ఆఫీసరుకి ఆ ఉప్పు సంగతే ముఖ్యం.

కొలవడం సులువే. కొలవనిచ్చేవాళ్లు దొరకడమే కష్టం. జీపు ఊళ్లోకి రాగానే తలుపులు పడేవి. సర్కారువాడు నూతిలోకి తొంగి చూశాడంటే రేపు పన్నో, ఎల్లుండి తాళమో అని జనానికి భయం. అలా రెండు ఊళ్లలో కాదనిపించుకుని, గాజువాక దాటి సముద్రం వైపున్న ఒక పల్లెకి వెళ్లాం, నేనూ డ్రైవరూ. అతను వన్‌టౌన్ ముస్లిం. నాకంటే పదేళ్లు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను బావా అనేవాడు.

ఆ పల్లెలో జీడితోట పక్క సందు చివర ఒకే గోడని ఆనుకుని రెండిళ్లు, రెండింటికీ కలిపి ఒక నుయ్యి. ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఇద్దరికీ భర్తలు పోయారు, పిల్లలు లేరు. అక్కకి చూపు కూడా పోయింది. చెల్లెలికి అప్పటికి యాభై దాటి ఉంటాయి. పొద్దున్న లేచి ముందు అక్క గోలెం నింపి, తర్వాతే తన కుండ నింపుకునేది. వేరేవాళ్లు తోడిన నీళ్లు అక్క నోట్లో పోసుకోగానే పట్టేసేదట. చుట్టుపక్కల నూతులు ఒక్కొక్కటే ఉప్పగా మారుతుంటే ఆ నుయ్యి మాత్రం తియ్యగా ఉండేది. ఆ నుయ్యి ఎలాగైనా మన లిస్టులో ఉండాలని మా ఆఫీసరు పట్టు.

“ఏటి బాబూ, మా నూతిలో మీదేటి పడిపోనాది?” అంది చెల్లెలు, చేద తాడు వదలకుండా.

“నా మనసు పడిపోనాదత్తా. ఒక్కపాలి సూసుకుని ఎల్లిపోతాను.”

“అత్తంటన్నావు, నాకు కూతురేదిరా?”

“కూతుర్నెవుడడిగాడు? నాను నూతిని అడుగుతన్నాను.”

లోపల మంచం మీంచి అక్క నవ్వింది. “ఈడెవుడో మాటకారిలాగున్నాడే. రానీ.”

చెల్లెలు టేపు దింపనిచ్చింది. నేను తెల్లరంగు డబ్బా తీసి గట్టు మీద బాణం గుర్తు, దాని కింద నంబరు వెయ్యబోయేసరికి అడ్డం వచ్చింది.

“ఎద్దుకి వాతేసినట్టు ఈ నంబరెందుకు? రేపొచ్చి తోలుకుపోడానికా?”

ఆ నంబరు ఏ నుయ్యి ఏదో మాకు తెలియడానికి. ఆ ముక్క చెప్పొచ్చు. కానీ ఎండ మండుతోంది, ఆకలేస్తోంది, నా నాలిక ఊరుకోదు.

“తోలుకుపోడానికి కాదత్తా, ఎవుడూ తోలుకుపోకుండా. ఈ నంబరు ఢిల్లీలో పుస్తకంలో ఎక్కుతాది. ఎక్కినాక ఈ నూతిని ముట్టుకునే మొగోడు నేడు. కలెక్టరొచ్చినా సెప్పులిప్పి పక్కనించి పోవాల.”

“నిజివే?”

“నా టేపు మీదొట్టు.”

నంబరు వేసుకుని జీపెక్కాను. కొంత దూరం వెళ్లాక భాయ్ అన్నాడు: “బావా, అంత పెద్ద అబద్ధం ఎందుకు ఆడినావు? పైనోడు వింటాడు.”

“నూతిలో చెప్పింది అంత పైకి వినపడదు భాయ్.”

అతను గేరు మార్చాడు.

తర్వాత కొన్నేళ్లు నెలనెలా వెళ్లాను. నేను వెళ్లేసరికి నంబరు మీద దుమ్ము తుడిచి ఉండేది. వానకి రంగు పోతే చెల్లెలే సున్నం తెచ్చి, నా గీతల మీదే జాగ్రత్తగా దిద్దేది. చదువు రాదు, అయినా ఒక్క వంకరా పోనిచ్చేది కాదు. పండగలకి పసుపు రాసి బొట్టు పెట్టేది. నేను అక్క మంచం పక్కన కూచుని, మొన్న ఒక నూతిలో టేపుకి పాత ఓడ లంగరు తగిలిందనో, ఇంకో నూతిలోంచి ఎవరో సుద్దముక్క వెనక్కి ఇచ్చేశారనో చెప్పేవాణ్ణి. అక్క పొట్ట పట్టుకుని నవ్వేది. చెల్లెలు జీడిపండ్లు తెచ్చి పెట్టేది. నాకు ఆ ఊరి రోజంటే జీతం రోజు కంటే ఇష్టం.

ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందన్న మాట చాలా ఏళ్లుగా ఉన్నదే. ఒక నెల వెళ్లేసరికి ఊళ్లో వేరే సర్వేవాళ్లు ఉన్నారు. గొలుసులు, జెండాలు, మ్యాపులు. ఏది మెట్ట, ఏది తోట, ఎక్కడ ఇల్లు, ఎక్కడ నుయ్యి అని రాసుకుంటున్నారు. ఆవిడ నా కోసం సందు మొదట్లోనే నిలబడి ఉంది.

“అల్లుడా, ఆల్లని తీస్కెల్లి నంబరు సూపించినాను. రాసుకున్నారు!”

ఆ రాసుకోవడం ఏమిటో నాకు తెలుసు. జీడిచెట్లు రాసుకున్నట్టే, తాటిచెట్లు రాసుకున్నట్టే, పోయే భూమిలో ఒక నుయ్యి అని రాసుకున్నారు. ఆవిడ మొహం చూశాను. నిజం చెప్పడానికి అంతకంటే మంచి రోజు మళ్లీ నాకు రాలేదు.

“రాసుకోరేటి మరి? భయం ఉండాల కదా,” అన్నాను.

మొదటి అబద్ధం ఎండలో ఆడింది. ఇది నీడలో కూచుని, జీడిపండు తింటూ ఆడింది.

ఆ తర్వాత రెండు నెలలు నన్ను బోర్లు వేసే క్యాంపుకి పంపారు. నేను లేనప్పుడు, ఫ్యాక్టరీ కింద ఇళ్లు పోయేవాళ్లకి వేరేచోట కాలనీ వేసి స్థలాలిస్తామని ఊరి బడిలో పేర్లు రాసుకున్నారు. ఒక సందువాళ్లు ఒకేసారి రాయించుకుంటే కాలనీలో స్థలాలు ఒకే వరసలో వస్తాయని మాట. సందు సందంతా వెళ్లింది. అక్కని ఆవిడ మరిది చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, తన కుటుంబంతో కలిపి రాయించాడు. చెల్లెలు మాత్రం వెళ్లలేదు. “మీరు రాయించుకోండి. నా నూతికి నంబరుంది,” అందట. అక్కతో, “వారంలో ఎనక్కొచ్చేత్తావులేయే, ఈల్లు మనల్నేటీ సెయ్యనేరు,” అందట.

నేను క్యాంపు నుంచి వచ్చేసరికి సందులో సగం ఇళ్లకి కప్పులు లేవు. దూలాలు, గుమ్మాలు బళ్లమీద వెళ్లిపోయాయి. ఆవిడ ఒక్కతే నూతి గట్టు మీద కూచుని ఉంది. పక్కింట్లో మంచం లేదు. గోలెం మాత్రం నిండుగా ఉంది.

“అక్క కాలనీకెల్లినాది. వొచ్చేత్తాది,” అంది.

అప్పుడు చెప్పాను. ఆ నంబరు మా కొలతకి గుర్తు మాత్రమేనని, దాంతో ఏదీ ఆగదని, ఢిల్లీ పుస్తకం నేను కల్పించిందని. టేపు చేతిలో పట్టుకుని చెప్పాను, దింపకుండానే.

 ఆవిడ నంబరు వైపు చూసింది.

“కలెక్టరు సెప్పులిప్పుతాడన్నావు?”

“కల్పించినానత్తా.”

“ఎందుకూ?”

“మీరు కొలవనియ్యరేమోనని.”

“అడిగితే ఇద్దుం కదా,” అంది.

నేను టేపు చుట్టేసుకున్నాను.

ఆ వారమంతా భాయ్, నేనూ తిరిగాం. ఆఫీసరు పని చెప్పిన దిక్కు వదిలి జీపు ఇంకో దిక్కుకి తోలాడు భాయ్. ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండును. స్థలాలిచ్చే ఆఫీసులో లిస్టు అప్పటికే గోడకి అంటించేశారు. అక్క ఉన్న వరస నిండిపోయిందని అక్కడి గుమస్తా అన్నాడు. ఒక ఆడమనిషి, ఒక గుడిసె, ఎక్కడో ఒక మూల అని బతిమాలాను. నా కథల్లో ఎన్ని నూతుల అడుగులు చూశానో, అన్ని బల్లల ముందు నిలబడ్డాను. చివరికి ఆలస్యంగా పేరిచ్చినవాళ్లతో కలిపి ఆవిడకి ఇంకో కాలనీలో స్థలం ఇచ్చారు. అది ఫ్యాక్టరీకి అటువైపు, అక్కది ఇటువైపు. గుడిసె వేసుకుని అందులో ఉండకపోతే ఆ స్థలమూ పోతుందని ఊళ్లో అందరూ భయపెట్టారు. అక్క ఉన్నచోట ఆవిడ ఉండిపోవడానికీ వీల్లేదు. మరిది ఇంటి వసారాలో అక్క మంచమే అడ్డదిడ్డంగా పట్టింది.

మొదట్లో ఆవిడ రోజూ తెల్లారుతూనే పాత ఊరి మీంచి అడ్డదారిన నడిచి అక్క దగ్గరకి వెళ్లేది. కుళాయి దగ్గర నీళ్లు పట్టి, అక్క గోలెం నింపి, మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. నుయ్యి పూడ్చిన రోజు కూడా అదే దారిన వెళ్లిందని భాయ్ ఎవరి దగ్గరో విని చెప్పాడు. ఆగి చూసిందా అని నేను అడగలేదు.

ఆ నూతికి నేను మూడు నెలలపాటు రిజిస్టరులో నీటిమట్టం రాశాను. పూడ్చేసిన నూతికి. నాలుగో నెల ఆఫీసరు పిలిచి, “వేసంగిలో నీళ్లు పైకొచ్చాయేమయ్యా?” అన్నాడు. నాకు కథ రాలేదు. నిజం చెప్పాను. ఆయన ఎర్రసిరాతో ఆ మూడు గళ్లు కొట్టేసి, పక్కన ‘నుయ్యి లేదు’ అని రాసి, పుస్తకం మూశాడు.

ఫ్యాక్టరీ ప్రహరీ గోడ లేచాక అడ్డదారి పోయింది. గాజువాక చుట్టూ తిరిగి రెండు బస్సులు మారాలి. ఆవిడ రాక వారానికి ఒకసారి అయింది. మోకాళ్లు పట్టేశాక నెలకి ఒకసారి.

ఎనభైల్లో ఒక పొద్దున్న అక్క ఉన్న కాలనీ దగ్గర కొత్త బోరు నీళ్లు పరీక్షించడానికి వెళ్లాం. మరిది ఇంటి ముందు జనం. అక్క రాత్రే పోయిందట. చెల్లెలికి కబురు పంపామన్నారు. ఎవరితో పంపారో ఎవరికీ సరిగ్గా తెలియదు. భాయ్ నా మొహం చూసి జీపు తిప్పాడు.

ఆవిడ గుడిసె ముందు చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూడగానే మొహం వెలిగింది. “రా అల్లుడా! ఏ కత తెచ్చినావు?”

“అత్తా, పెద్దత్త నేదు. రాత్రి పోనాది.”

చేతిలో గింజ అలాగే ఉంది. “నువ్వు అబద్దాలు సెప్తావు కదా,” అంది. “నూతి ఇసయంలో సెప్పినావు. లంగరన్నావు. ఇదీ అబద్దమని సెప్పు.”

నేను తల దించుకున్నాను.

“సెప్పు నాయినా. ఏటవుతాది? ఒక్కపాలి సెప్పు.”

భాయ్ వచ్చి ఆవిడని రెక్క పట్టుకుని లేపి జీపెక్కించాడు.

గోడ పక్కనే వెళ్లాం. గోడ లేకపోతే అడ్డదారిన మూడు మైళ్లు కూడా లేని చోటు. మేము ఆటోనగర్ మీంచి, లారీల వెనకాల, గాజువాక చుట్టూ తిరిగాం. భాయ్ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. మేము వెళ్లేసరికి మగవాళ్లు స్నానాలు చేసి తడిబట్టలతో తిరిగొస్తున్నారు. ఎండ ముదురుతోందని ఆగలేదట. వసారాలో మంచం ఎత్తేసి గోడకి నిలబెట్టారు. చావు ఇల్లని గోలెంలో నీళ్లు పారబోసి బోర్లించారు.

ఆవిడ ఏడవలేదు. వసారా నాలుగు మూలలూ చూసింది. గోలెం తిప్పి పెట్టింది. చూరు కింద ఉన్న బిందె తీసుకుని వీధి కుళాయి దగ్గర వరసలో వెళ్లి నిలబడింది. ముందున్న ఆడవాళ్లు దారి ఇచ్చారు. వద్దని చేత్తో చెప్పి, తన వంతు వచ్చేదాకా అక్కడే ఉంది.