గుమ్మడికాయను వేటాడిన అల్లుడు

ఏమ్రా, నా దగ్గర పేడ వాసన వస్తుందా? నిజం చెప్పుండ్రి. పొద్దుగాల సబ్బు అరిగిపోయేదాకా రుద్దుకున్న. నిన్న మా అత్తగారి ఊళ్ళె ఏమైందో వింటే మీరే నాకు ఇంకో చాయ్ చెప్తరు.

చండ్రుగొండ అవతల, అడివి అంచున ఆ ఊరు. నిన్న విత్తనాల పండుగ. ఎనకట ఈ పండక్కి మగోళ్ళంతా వేటకు పోయేటోళ్ళు. ఇప్పుడు వేట బంద్ కదా, గుట్ట మీదికెళ్ళి గుమ్మడికాయ దొర్లిస్తరు. మనిషికో కాయ, ఒక బాణం. కొట్టిన కాయ పట్టుకొని ఊళ్ళెకొస్తే ఆడోళ్ళు బొట్టు పెట్టి తోల్కపోతరు. ఉత్త చేతుల్తో వస్తే పేడనీళ్ళు కుమ్మరిస్తరు! కొత్తల్లుడైనా మాఫీ లేదు. నేనేమో పెండ్లినాటి తెల్లంగి ఏసుకొని పోయిన. మా ఆమె స్వప్న ముందే చెప్పింది, "ఏమయ్యా, మా అక్కచెల్లెండ్ల ముంగట ఇజ్జత్ తియ్యకు."

"నీకెందుకే, చూస్తుండు" అన్న. మీకెర్కే కదా, మిల్లు కాడ ట్రాక్టర్ లైన్ల ఉన్నప్పుడల్లా ఫోన్ల షూటింగ్ గేమ్, నేనే టాప్!

మా మామ విల్లు చేతికిచ్చి, "అల్లుడా, ఉరికేదాని మీద ఎయ్యకు. కింద చదునుల అది నిమ్మళమైతది. ఎనుక మట్టికట్ట ఉంటది. అప్పుడు కొట్టు. తగిలితే కాయ అక్కడనే ఆగాలె" అన్నడు. అట్లనే అని తలకాయ ఊపిన.

కాయ దొర్లింది. బామ్మర్ది వీడియో తీస్తుండు. చదునుదాకా ఎవడాగుతడు? సగం గుట్టల ఉండంగనే గుంజి ఇడిసిన. తగిలింది! అబ్బో, ఎగురుడే ఎగురుడు. "తీసినవా బామ్మర్ది, తీసినవా!" కాయ మాత్రం ఆగలే. బాణంతోటే ఎగురుకుంట పోయి కింద తుప్పల్ల పడ్డది.

"పో ఎంబడి" అన్నడు మామ.

"ఇంకో కాయ ఇయ్యరాదా మామా, గుమ్మడికాయనే కదా!"

మామ నవ్వలే. "గాయం జేసి ఇడిసిపెడ్తవా? ఇయ్యాల కాయను ఇడిసినోడు రేపు పానమున్నదాన్ని గూడ ఇడుస్తడు. పో."

పోయిన. అన్నీ ముండ్లు! చెప్పు తెగింది, అంగి చిరిగింది. కాయ పగిలినట్టుంది, దారెంట గింజలు పడ్డయి. గింజలు చూసుకుంట, వంగుకుంట పోతే, తుప్పల అవతల ఒక మేక కాయను కరకర నములుతుంది! దాన్ని మేపుతున్న ముసలవ్వ చేతుల నా బాణం.

"ఎవడిదిరా గిది? నా ముంగటనే పడ్డది!"

నవ్వులాట కాదురా. కాయకు తగిలింది కాబట్టి సరిపోయింది, గురి తప్పితే బాణం సీదా ఇటే వచ్చేది. ఆ తుప్పల ఎనుక ఎవరున్నరో నేను చూసిన్నా? మామ మట్టికట్ట సంగతి ఎందుకు చెప్పిండో అప్పుడు సమజైంది.

అవ్వ కాళ్ళు మొక్కిన. "పోనీ బిడ్డా, ఎతుక్కుంట వచ్చినవ్ గదా" అని, మేక నోట్లకెళ్ళి మిగిలిన కాయ చెక్క గుంజి నా చేతుల పెట్టింది.

ఊరు మొగదాల ఆడోళ్ళు బిందెలతోని రెడీ. అందరికంటే ముంగట మా ఆమెనే! చెక్క పైకెత్తి చూపిచ్చిన. ఎనుకకెళ్ళి "మ్యా" అని వినబడ్డది. అవ్వ అదిలిస్తున్నా ఆగకుండ, చెక్క కోసం మేక నా ఎంబడే వచ్చింది!

స్వప్న చెక్కను చూసింది, మేక మూతిని చూసింది. "నాయినా, గీ వేట ఎవరిది?"

మామ నవ్వు ఆపుకోలేక, "కాయను ఆపింది మేకనే బిడ్డా" అన్నడు.

ఇగ చూడు! బొట్టు మేకకు, బిందె నాకు. పోసినంక స్వప్ననే కొంగుతోని నా మొఖం తుడుసుకుంట, "ఎంబడి పోయినవంట కదా, మంచి పని చేసినవ్" అన్నది మెల్లగ. ఆ మాటకు సగం వాసన పోయినట్టే అనిపిచ్చింది.

మిగిలిన సగం ఉంది చూడుండ్రి! పొద్దున్నుంచి ట్రాక్టర్ ఎంత జోరుగ తోలినా, ఈగలు మాత్రం నా మీద గురి తప్పుతలేవురా!