బాబాయి తొలిచిన రైఫిల్లో తప్పు లేదు

పోయిన మంగళవారం పొద్దున్న నేను నయా రాయపూర్ వెళ్లే ఆఫీసు బస్సులో ఉండగా పిన్ని ఫోన్ చేసింది. "బాబాయి ఎల్లిపోయారమ్మా" అంది. గొంతులో ఏడుపు లేదు. "కాఫీ కలిపి తెచ్చీసరికి లేరు. నువ్వు కంగారుపడి రావద్దు, ఎండగా ఉంది" అని కూడా అంది. నేను తర్వాతి స్టాపులో దిగిపోయి, ఎదురుగా వచ్చిన బస్సెక్కి వెనక్కి వచ్చాను. టాటీబంధ్ దగ్గర లారీల మధ్య అరగంట ఇరుక్కుపోయాం. నేను చేరేసరికి ఆయన్ని వరండాలో పడుకోబెట్టారు.

ఆయన నాకు సొంత బాబాయి కాదు. రాయపూర్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టరు. వాళ్లదీ విజయనగరం వైపే. రైల్వే వర్క్‌షాపులో లేత్ మీద ఇనుము చెక్కే టర్నరుగా రిటైరయ్యాక, పాతబస్తీలో లైసెన్సున్న ఒక తుపాకుల దుకాణంలో మిస్త్రీగా చేరారు. పోటీల్లో పాల్గొనేవాళ్లకి రైఫిళ్లు బాగుచేసేవారు, కొందరికి కొలతలు తీసుకుని ప్రత్యేకంగా తయారుచేసేవారు. నన్ను షూటింగ్ రేంజికి మొదటిసారి స్కూటర్ మీద తీసుకెళ్లింది ఆయనే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు.

ఎవరి రైఫిల్ చేతికొచ్చినా ముందు గొట్టం వెనక గడియలా ఉండే బోల్టు తెరిచి, లోపల చిటికెనవేలు పెట్టి ఖాళీయో కాదో చూసేవారు. ఆ మనిషి అప్పుడే చూసి ఇచ్చినా సరే, మళ్లీ చూసేవారు. చూసి మనవైపు తిప్పి, "నువ్వూ చూడు" అనేవారు. టీ గ్లాసు ఎప్పుడూ పని బల్ల మీద పెట్టేవారు కాదు, కిటికీ గట్టు మీదే. లేత్ తిరుగుతున్నంతసేపూ మాట్లాడేవారు కాదు. తూటాల డబ్బా ఎండలో కనిపిస్తే మాత్రం అరిచేవారు. "ఎండలో పెట్టిన తూటా నిన్నటి తూటా కాదమ్మా" అనేవారు. ఇంకోమాట కూడా తరచు అనేవారు: "ఇనుముకి మొహమాటం లేదు. ఉన్నదున్నట్టు చెప్పీస్తాది. మొహమాటం మనకే."

నా రైఫిల్ ఆయన ఒక చలికాలమంతా కూర్చుని చేశారు. గొట్టం బయటిదేశం నుంచి తెప్పించాం. తూటా కూర్చునే గది, ఛాంబర్ అంటారు, దాన్ని ఆయన వెంట్రుకవాసి చొప్పున తొలిచారు. రోజుకి కొంచెం తొలచడం, తుడవడం, కొలవడం. పూర్తయ్యాక నా చేతికిచ్చి, పిల్లని అత్తారింటికి పంపుతున్నవాడిలా కాసేపు దుకాణం బయటికి వెళ్లి నిలబడ్డారు.

ఆ వేసవిలో, రాష్ట్ర జట్టు ఎంపికకి మూడువారాల ముందు, ఒక సీనియర్ షూటర్ నాతో అన్నాడు, తూటాలో మందు కాస్త పెంచితే గాలికి గుండు పక్కకి పోవడం తగ్గుతుందని. కాల్చాక మిగిలే ఇత్తడి కేసుల్ని మళ్లీ మందుతో నింపుకోవడానికి మా క్లబ్బుకి అనుమతి ఉంది. కానీ ఏ మార్పు చేసినా ముందు బాబాయికి చూపించాలి. అది నియమం. తప్పితే అనుమతి పోతుంది. నేను చూపించలేదు. కొంచెమే కదా అని పెంచాను. నా పుస్తకంలో రాసుకున్నాను కూడా.

రేంజిలో మొదటి గుండుకే బోల్టు లేవనని మొరాయించింది. రెండోదానికి అరచేత్తో కింద నుంచి కొట్టాల్సి వచ్చింది. వెనక కుర్చీలో ఉన్న బాబాయి ఆ చప్పుడు విన్నారు.

"ఆగు. దింపీ. బలంతో లేపకు" అంటూ లేచారు. ఆయన వచ్చేలోపు ఆ రెండు కేసులూ ఏరి నేను జేబులో వేసుకున్నాను. ఎందుకలా చేశానో అప్పటికి నాకే తెలీదు.

"మందు పెంచావేటి?"

"లేదు బాబాయ్."

క్లబ్బు సెక్రటరీ నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. అదొక కారణం. బాబాయి మొహం చూస్తూ అవునని చెప్పలేకపోవడం అసలు కారణం.

"అయితే పేల్చిన కేసులు ఇలాతే."

సంచీలోంచి అంతకుముందువారం కేసులు రెండు తీసి ఇచ్చాను. ఆయన భూతద్దం పెట్టి వాటి అడుగున మందుకి నిప్పంటించే చిన్న టోపీని చూశారు. "మందు ఎక్కువైతే ఈ టోపీ అణిగిపోయి చదునైపోతాది. ఇది గుండ్రంగానే ఉంది" అన్నారు. మళ్లీ చూశారు. మొహంలో రంగు తగ్గింది.

మర్నాడు దుకాణంలో రైఫిల్ బల్ల మీద పెట్టి పరీక్షించారు. ఖాళీగా ఉన్నప్పుడు బోల్టు ఒక్కవేలికే లేస్తోంది. మందు లేని నమూనా తూటా పెట్టినా హాయిగా లేస్తోంది. "అంటే పేలాకే పట్టేస్తోంది. మందు తప్పు కాకపోతే ఇంకేటి మిగిలింది? నాను తొలిచిన చోటే గరుకు ఉండాల" అన్నారు. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఒక్కమాట అనుంటే సరిపోయేది.

ఆయన గొట్టం విప్పి, నాలుగు రోజులు ఛాంబర్ నునుపు చేశారు. ఆ నాలుగు రోజుల్లో నేను ఇంట్లో పుస్తకంలో ఆ పేజీ చింపేసి, క్లబ్బులో పాత కొలతతోనే తూటాలు నింపాను. తర్వాతివారం పది గుళ్లు కాల్చాను. పదిసార్లూ బోల్టు వెన్నలా లేచింది. అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ఆయన మాత్రం నావైపు తిరిగి, "చూశావా, నునుపు చేశాక కుదిరింది. తప్పు నాదే" అన్నారు.

నేను జట్టుకి ఎంపికయ్యాను. జాతీయ పోటీల్లో నాకెన్నో స్థానం వచ్చిందో ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పుకునేదీ కాదు.

ఆయన మాత్రం ఆగలేదు. తాను చేసిన రైఫిళ్లు ఇంకా రెండున్నాయి. ఒకటి భిలాయిలో, ఇంకోటి సిల్తారా స్టీలు ప్లాంటు ఇంజనీరు దగ్గర. ఇద్దరి ఇళ్లకీ స్కూటర్ మీద వెళ్లి, వేరే మిస్త్రీ చూసేదాకా కాల్చవద్దని చెప్పి వచ్చారు. దుకాణం యజమానితో, "సేఠ్‌జీ, అబ్ మేరే సే నహీఁ హోగా. ఇక నావల్ల కాదు. ఎవరి మొహానికైనా దెబ్బ తగిలితే?" అన్నారట. పనిముట్లకి గ్రీజు రాసి, గోనెపట్టాలో చుట్టి అటకెక్కించారు. కొన్నాళ్లకి రేంజిలో టీ తాగుతూ ఎవరో అన్నారు, "బుడ్ఢే కీ ఆంఖేఁ గయీఁ" అని, ముసలాయనకి కళ్లు పోయాయని. నా చేతిలోనూ టీ కప్పు ఉంది. తాగుతూ ఊరుకున్నాను.

కళ్ల డాక్టరు అంతా బాగుందన్నాడు. బాబాయి నమ్మలేదు. "వెంట్రుకలో పదోవంతు సంగతి డాక్టరుకేటి తెలుస్తాది?" అన్నారు. తర్వాత తర్వాత ఇంటికి తాళం వేసినా మూడుసార్లు లాగి చూసి, నన్ను పిలిచి, "పడిందా అమ్మా?" అని అడిగేవారు. పడింది బాబాయ్ అనేదాన్ని. ఏళ్ల తరబడి నేను ఆయనతో చెప్పిన నిజం అదొక్కటే.

పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం వెళ్లి చెప్పేశాను. మందు నేనే పెంచానన్నాను. మీకిచ్చిన కేసులు పాతవన్నాను. ఆయన అడ్డురాకుండా అంతా విన్నారు.

"పుస్తకంలో రాసుంటావు కదా?"

"ఆ పేజీ చింపేశాను."

"ఆ రెండు కేసులూ?"

"పారేశాను, బాబాయ్."

ఆయన నవ్వారు. "నన్ను ఊరుకోబెట్టడానికి ఇంత కథ కట్టావా తల్లీ?"

"కథ కాదు. అమ్మ మీద ఒట్టు."

"ఒట్లెయ్యకు. నువ్వలాటి పని చెయ్యవు. చిన్నప్పట్నుంచి చూస్తన్నాను, నాకు తెల్దేటి?" అని, వంటింట్లో ఉన్న పిన్నిని కేకేసి, "విన్నావా, మన గుంట మనసు ఎంత మంచిదో" అన్నారు. తర్వాత ఇంకో రెండుసార్లు చెప్పి చూశాను. రెండుసార్లూ మాట మార్చి, నాకే ధైర్యం చెప్పి పంపారు.

మూడోరోజు కార్యం అయ్యాక పిన్నికి చెప్పాను. "ఆయనకి చెప్పావా?" అంది. చెప్పాను, నమ్మలేదు అన్నాను. "మరి నానేటి చెయ్యనమ్మా" అని లేచి లోపలికి వెళ్లిపోయింది.

అందుకే, ఇది చదువుతున్న మీకు చెబుతున్నాను. ఆయన చెయ్యి తప్పలేదు, ఆయన కన్ను తప్పలేదు. ఇప్పుడు రాసి లాభం లేదని నాకు తెలుసు. భిలాయి రైఫిలుకి గొట్టం మార్చేశారు. సిల్తారా ఆయన తనది పోలీసులకి అప్పగించేశాడు. నమ్మాల్సిన మనిషి లేడు.

మొదటిసారి చెప్పిన ఆ మధ్యాహ్నం, గుమ్మంలో చెప్పులేసుకుంటూ వెనక్కి చూశాను. నేను వెళ్లిపోయాననుకున్నారు. కిటికీ దగ్గరికి జరిగి, రెండు చేతులూ వెలుగులోకి చాచి, మెల్లగా అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నారు.