నాలుగో పట్టీ

నా భార్య ఆ కాగితం ఫొటో పంపినప్పుడు నేను సైట్‌లో సిమెంటు బస్తాలు దింపించుకుంటున్నాను. మా అమ్మాయి చదివే స్కూల్లో బాగా చురుకైన పిల్లలకని విడిగా ఒక క్లాసు నడుపుతారు. అందులో సీటు కోసం రాసిన పరీక్ష ఫలితం అది. నాలుగు నీలం పట్టీలు, వాటి పక్కన అంకెలు, కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఇంగ్లీషు వివరణ. ఎన్నింటికి ఎన్ని వచ్చాయన్నది మాత్రం ఎక్కడా లేదు. ఇంత పెద్ద స్కూలువాళ్ళు నూటికి ఎన్నో ఒక్క ముక్క రాయలేరా అని నాకు అక్కడే ఒళ్ళు మండింది.

అవి కరోనా రోజులు. నేను దుబాయ్‌లో ఒక బిల్డింగుల కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. బర్ దుబాయ్‌లో ఆరుగురం పంచుకున్న గదిలో ఉండేవాణ్ణి. నా భార్య అబుదాబిలో నర్సు. బనియాస్‌లో ఒక విల్లాలో గది తీసుకుని అమ్మాయితో ఉండేది. పక్క గదిలో మా భీమవరం వైపు ఆవిడే, ఆమె కూడా నర్సే. ఒకరు డ్యూటీకి వెళితే ఇంకొకరు పిల్లలను కనిపెట్టుకుని ఉండేవారు. మామూలు రోజుల్లో అయితే సెలవుకి ముందురోజు సాయంత్రం బస్సెక్కి రాత్రి భోజనం వేళకి వాళ్ళ దగ్గరుండేవాణ్ణి. ఇప్పుడు అబుదాబిలో అడుగుపెట్టాలంటే ముక్కులో పుల్ల పెట్టించుకుని రిపోర్టు చూపించాలి. అదయినా చేయించుకునేవాణ్ణి గానీ, బయట తిరిగొచ్చి అందరికీ అంటిస్తావని మా ముదీర్, అదే మా మేనేజరు, కదలనిచ్చేవాడు కాదు. నెలల తరబడి నా సంసారమంతా ఫోన్లోనే. మధ్యాహ్నం టీ టైమ్‌కి ఇనుప కంటైనర్ నీడలో కూర్చుని అమ్మాయికి ఫోన్ చేసేవాణ్ణి. పొద్దున లేచేది ఆ కాసేపటి కోసమే అన్నట్టుండేది.

కాగితం వచ్చిన సాయంత్రం ఆలుమగలం చెరో ఊళ్ళో కూర్చుని దాన్ని చదివాం. ఆమె ల్యాబ్ రిపోర్టు చూసినట్టు చూసింది. మధ్య అంకె వంద, దానికి కాస్త అటూ ఇటూ ఉంటే నార్మల్, నాలుగోది తక్కువే గానీ రేంజ్‌లోనే ఉంది, కంగారేం లేదు అంది. పిల్లకి జ్వరం ఉందా లేదా అని కాదు మనం చూస్తున్నది అని విసుక్కున్నాను. మాటలు, లెక్కలు, బొమ్మల వరుసలు, ఈ మూడు పట్టీలూ కాగితం చివరిదాకా పాకాయి. నాలుగోది సగం దారిలో ఆగిపోయింది. మడిచిన కాగితానికి కన్నం పెట్టి విప్పితే ఎలా ఉంటుంది, డబ్బాని తిప్పితే ఏ వైపు పైకొస్తుంది లాంటి ప్రశ్నలవి. ఏ ఒక్క భాగంలోనూ వాళ్ళు గీసిన గీతకి తగ్గకూడదని స్కూలు నియమం. ఆ ఒక్కదానితో సీటు పోయింది.

స్టోర్‌కీపర్ బుర్ర ఊరుకోదు. ఒకే లారీలో వచ్చిన నాలుగు కట్టల్లో మూడు సరిగ్గా ఉండి ఒకటి తగ్గితే మేము ఫ్యాక్టరీని అనుమానించం. దారిలో ఏం జరిగిందని అడుగుతాం. అందులోనూ మా అమ్మాయి మందుల అట్టపెట్టెలు విప్పి, మళ్ళీ మడిచి, మెట్లతో సహా మేడలు కట్టి ఫోన్లో చూపించే పిల్ల. దానికి కాగితం మడత తెలియకపోవడమేమిటి? తప్పెవరిదో తేల్చాలని కూర్చున్నాను. పరీక్ష ఇంట్లోనే, కెమెరా ముందు, గదిలో పిల్ల తప్ప ఎవరూ ఉండకూడదు. నెట్ ఆగిందేమో అన్నాను. పక్క గదావిడ టీవీ పెట్టిందేమో అన్నాను. చివరికి, ఆ రోజు నువ్వు సెలవు పెట్టి ఉండాల్సింది అని కూడా అనేశాను. ఊపిరాడని మనుషుల మధ్య పగలంతా నిలబడి వచ్చిన మనిషితో అన్నాను ఆ మాట.

మా గదిలో జగిత్యాల వైపు తమ్ముడొకడు ఉండేవాడు. షటరింగ్ పని. నా రుసరుసలు విని విని, "ఒక్కదానికి గింత ఫికరెందుకన్నా, మూడిట్ల మంచిగనే అచ్చినయ్ గద" అన్నాడు. పరీక్ష రోజు మా అమ్మాయి టైమ్ కంటే ముందే ముగించేసిందని ఇతనికి నేనే గొప్పలు చెప్పాను. అంత తెలివైన పిల్లకి సీటెట్లా ఇయ్యరని ఇప్పుడతను నా వైపు నిలబడి వాదించాడు.

రెండ్రోజుల తర్వాత స్కూల్లో ఆ క్లాసు చూసే టీచరమ్మ మా ఇద్దరితో వీడియోలో మాట్లాడింది. మొదటి మూడు భాగాల్లో ప్రతి ప్రశ్న దగ్గరా పాప ఆగి ఆలోచించిందట. నాలుగో భాగానికి వచ్చేసరికి ఒకే జవాబుని టకటకా నొక్కుకుంటూ పోయిందట. ఆ టైమ్‌కి ఇంట్లో ఏమైనా జరిగిందా అని అడిగింది. ఏమీ జరగలేదని నేనే గట్టిగా చెప్పాను. ఆమె పెట్టేశాక, నా భార్య అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, నెమ్మదిగా అడిగింది. పిల్ల ఫోన్ దగ్గరికి లాక్కుంది. ఆ తర్వాత నాతోనే చెప్పింది.

"నీ టీ టైమ్ అయిపోయింది డాడీ. నువ్వు ఫోన్ చెయ్యలేదు. మీ రూమ్‌లో అంకుల్‌ని అంబులెన్స్‌లో తీసుకెళ్ళారన్నావు కదా. నిన్ను కూడా తీసుకెళ్ళిపోయారేమో అనుకున్నా. అందుకే గబగబా నొక్కేసి నీకు ఫోన్ చేశా."

పరీక్ష రోజు నేను ఫోన్ చేయకూడదని మేమిద్దరం ముందే అనుకున్నాం. అనుకున్నది పిల్లకి చెప్పాలని ఇద్దరికీ తట్టలేదు. ఆ అంకుల్ క్షేమంగా గదికి తిరిగొచ్చాడన్న సంగతీ నేను చెప్పలేదు. ఆ మధ్యాహ్నం పిల్ల ఫోన్ చేసి ఎక్కడున్నావు డాడీ అని అడిగితే, అప్పుడే అయిపోయిందా, శభాష్ అన్నాను.

ఇంక ఎవరి మీద కోపగించుకోవాలో తెలియలేదు. బాధపడ్డాను, నిజమే. కానీ లోపల సంతోషం కూడా కలిగింది. ఈ దేశంలో నా ఫోన్ కోసం ఎదురుచూసే మనిషి ఒకరున్నారని స్కూలువాళ్ళే అంకె వేసి పంపినట్టయింది. ఆ ఎదురుచూపే పిల్ల సీటు తినేసింది.

టీచరమ్మకి సంగతి చెబితే అయ్యో అంది. మళ్ళీ పరీక్ష మాత్రం వచ్చే ఏడాదే అంది. అప్పుడు నేనొక నిర్ణయం తీసుకున్నాను. ఇక నుంచి నేను ఫోన్ చెయ్యను తల్లీ, నీకు మాట్లాడాలనిపించినప్పుడు నువ్వే చెయ్యి, నా ఫోన్ రాలేదంటే నేను బాగున్నట్టే లెక్క అని అమ్మాయితో చెప్పాను. నా భార్యకి నచ్చలేదు.

"పిల్లకి అలవాటు తప్పిస్తే రేపు మీరే తట్టుకోలేరండీ" అంది.

దానికి సీటు రావాలా వద్దా అన్నాను.

మొదట్లో టీ రాకముందే ఫోన్ మోగేది. తర్వాత సాయంత్రాలకి మారింది. స్కూళ్ళు తెరిచాక స్నేహితులు, ఆటలు, ప్రాజెక్టులు వచ్చి పడ్డాయి. రెండు మూడు రోజులకోసారి అయింది. నేను మాత్రం అదే కంటైనర్ పక్కన ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఒక్కసారి చేస్తే ఏమవుతుందని మనసు పీకేది. ఖలాస్, మాటంటే మాటే అని నన్ను నేనే కసురుకుని లేచేవాణ్ణి. దారులు తెరిచాక మళ్ళీ బనియాస్ వెళ్ళడం మొదలుపెట్టాను. పిల్ల పొడుగైంది. నా పక్కన కూర్చోవడానికి కొంచెం మొహమాటపడేది.

మళ్ళీ పరీక్ష రాసింది. ఈసారి స్కూల్లోనే, ఈసారీ మధ్యాహ్నమే. కాగితం రాగానే నేను అంకెలు చూడలేదు, నాలుగో పట్టీ చూశాను. మిగతా మూడింటికి సమానంగా ఉంది. సీటు వచ్చింది. మీనా బజార్‌లో స్వీట్లు కొని గదిలో అందరికీ పంచాను. జగిత్యాల తమ్ముడు తనకే సీటు వచ్చినంత సంబరపడ్డాడు.

ఆ సాయంత్రం అమ్మాయి ఫోన్ చేస్తుందని చూశాను. చేయలేదు. స్నేహితులతో ఉంటుందిలే అనుకుని, ఇంత మంచి రోజున పట్టింపేమిటని నేనే చేశాను. మెచ్చుకున్నాను. కొత్త క్లాసు గురించి ఏదేదో చెప్పింది. మాటల మధ్యలో, ఆఖరి భాగం రాసేటప్పుడు నా ఫోన్ గుర్తొచ్చిందా అని సరదాగా అడిగినట్టు అడిగాను. రాలేదనే చెప్పాలని ఏడాదంతా కోరుకున్నవాణ్ణి, ఒక్క క్షణం వచ్చిందంటే బాగుండుననిపించింది.

"ఏ ఫోన్ డాడీ?" అంది.

ఏం లేదు తల్లీ, బాగా రాశావు అన్నాను.